నురగ కాదు, బుడగ

సబ్బు వెయ్యమని నేనెక్కడ చెప్పాను? నేను పంపిన వీడియో ఇంకా నా ఫోన్లోనే ఉంది, ఎవరైనా చూస్కోవచ్చు. గాలి బుడగలతో కడగండి అన్నాను. అంతే.

పాలకొల్లు దగ్గర మా మావయ్యకి రొయ్యల చెరువుంది. పోయిన పంట రోగమొచ్చి మొత్తం పోయింది. సోమవారం కొత్త రొయ్యపిల్ల వదలాలి. మేత ఎంత తిన్నాయో చూడ్డానికి చెరువులోకి దించే ప్లాస్టిక్ ట్రేలకి పాత పాచి జిగురులా పట్టేసింది. అదుంటే బ్లీచింగు సరిగ్గా పట్టదు, రోగం మళ్ళీ అంటుకుంటుందని ఆయన భయం. పీచుతో రుద్దితే గీతలు పడి, ఆ గీతల్లోనే జిగురు దాక్కుంటోంది. అందుకే గాలి బుడగలతో ట్రేలు కడిగే ఆ వీడియో నెట్‌లో చూసి, హైదరాబాద్ నుంచి పంపి, శనివారం నేనూ బస్సెక్కాను.

వెళ్ళేసరికి టబ్బు నిండా తెల్లటి నురగ. అత్తయ్య కుచ్చిళ్ళు దోపుకుని నవ్వుతోంది.

"చూడవే, నీ బుడగలు. సగం ప్యాకెట్టు పట్టింది."

"అత్తయ్యా, సబ్బు మిగిలితే పిల్ల చచ్చిపోద్ది. ఇది నురగ. నేను చెప్పింది బుడగ."

"నురగంటే బుడగలు కాక జిలేబీలా?"

నాకు ఒళ్ళు మండి, నోటికొచ్చింది అనేశాను. ఆవిడ నవ్వు ఆపేసి, ట్రేలన్నీ బోరు నీళ్ళ కింద పెట్టి, ఒక్కోటీ ఏడెనిమిదిసార్లు కడిగింది. సబ్బు పోయింది, జిగురు పోలేదు.

టబ్బులో మంచినీళ్ళు నింపి, గాలి పంపు గొట్టం అడుగున పెట్టి, పైన ట్రే బోర్లించాను. బుడగలన్నీ కిందే ఇరుక్కుని కూర్చున్నాయి. మళ్ళీ ఫోన్ తీశాను.

"చదునుగా పెడితే గాలెటు పోద్దే? చేట వాల్చినట్టు వాల్చు," అని అత్తయ్యే ట్రేని ఏటవాలుగా పట్టుకుంది. బుడగలు వరసగా ప్లాస్టిక్‌ని రాసుకుంటూ పైకి జారాయి. కాసేపటికి జిగురు మీగడలా లేచొచ్చింది.

"మీకెలా తెలుసు?"

"నీ వీడియోలోనూ వాల్చే పట్టుకున్నారుగా."

నేను పదిసార్లు చూశాను ఆ వీడియో. నాకు కనపడలేదు.

మావయ్య ట్రేని గోరుతో గీకి చూసి, "ఇంక బ్లీచింగు పెట్టొచ్చు," అన్నాడు. ఆయన మొహం కాస్త తేటపడింది. అత్తయ్య మాత్రం సాయంత్రం దాకా నాతో సరిగ్గా మాట్లాడలేదు.

సరే, సబ్బు వెయ్యమని నేను చెప్పలేదు. వెయ్యొద్దని మాత్రం ఎక్కడ చెప్పాను? తప్పంతా ఆవిడదేనని ఇప్పుడెవరైనా అంటారా? అనండి చూద్దాం.