మళ్ళీ పెద్ద ట్యాంకులోకి

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పటికీ నమ్మను. మా నాన్న సంఘ కాపరి, ఊహ తెలిసినప్పటి నుంచి వాక్యం మధ్యనే పెరిగాను. మస్కట్ వచ్చిన ఈ పదకొండేళ్ళలో నేను శుక్రవారం ఆరాధన (ఇక్కడ సెలవు ఆ రోజే) మానిన రోజులు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. మా తెలుగు సంఘంలో చిన్నపిల్లలకి పాఠం చెప్పేది కూడా నేనే. చనిపోయినవాళ్ళు ప్రభువు చేతిలో ఉంటారు, బతికున్నవాళ్ళు తమ శరీరంలో ఉంటారు, మూడో చోటంటూ లేదని ఆ పిల్లలకి ఎన్నోసార్లు చెప్పాను.

అలాంటి నేను ఇది రాయడం నాకే ఇబ్బందిగా ఉంది. అందుకే చూసింది చూసినట్టు, వరసగా రాస్తాను.

మేం మస్కట్‌లోనే వాడి కబీర్ అనే పేటలో ఉంటాం. నేను, మా ఆయన, మా తమ్ముడు సుధీర్. వాడు ఏసీ మెకానిక్. కంపెనీ ఏ సైట్‌కి పంపితే అక్కడికి వెళ్ళి, సెలవు దొరికినప్పుడు ఇంటికొస్తాడు. వంటింటి పక్క గది వాడిది. అందులో ఒక పెద్ద అక్వేరియం, దాంట్లో పళ్ళెంలా గుండ్రంగా ఉండే ఒక జత డిస్కస్ చేపలు.

ఆ చేపల పిల్లలు మొదట్లో వేరే మేత ముట్టవు. తల్లిదండ్రుల ఒంటిమీద ఊరే జిగురే వాటి ఆహారం. నలుసుల్లాంటి పిల్లలు రెండువైపులా అంటుకుని కొరుక్కుతింటుంటాయి. అవి పెరిగేకొద్దీ పెద్దచేపల ఒళ్ళు పుండ్లు పడుతుంది. ఓర్చుకున్నంతకాలం ఓర్చుకుని, చివరికి పిల్లల్నే మింగేస్తాయి. ఆలోపే వాటిని వేరే ట్యాంకులోకి మార్చాలి. ఆ మార్చడంలోనే చాలావరకు చచ్చిపోతాయి. సుధీర్‌కి అప్పటికి మూడుసార్లు అలా అన్నీ పోయాయి. నాలుగోసారి అరవై దాకా నిలబడ్డాయి.

ఆ జూలైలో వాడు సూర్ అనే ఊళ్ళో డ్యూటీ చేస్తూ నిచ్చెన మీంచి పడ్డాడు. కడుపులో రక్తం కారుతోందన్నారు. దానంతటదే ఆగుతుందేమోనని రెండు రోజులు చూసి, ఆగక, శుక్రవారం ఉదయం పది గంటలకి ఆపరేషన్ అన్నారు. మా ఆయన మొదటిరోజే సూర్ వెళ్ళిపోయారు. నేనూ బయల్దేరుతుంటే సుధీర్ ఫోన్ చేసి వద్దన్నాడు. గొంతు చాలా నీరసంగా ఉంది.

"అక్కా, నువ్వొచ్చి ఇక్కడ చేసేదేముంది, ప్రార్థన అక్కడినుంచైనా చేస్తావుగా. శుక్రవారం పొద్దున పిల్లల్ని మార్చెయ్. వల పెట్టకు, గ్లాసుతో నీళ్ళతో సహా ముంచు. బకెట్ నీళ్ళు మాత్రం మోచెయ్యి పెట్టి చూడు. చంటిపిల్లకి నీళ్ళు చూస్తారే, అలా."

పద్ధతంతా చెప్పాడు. పెద్ద ట్యాంకు నీళ్ళే కొంచెం చిన్న ట్యాంకులో పోసి, పిల్లల్ని అందులో వదలాలి. కొత్తనీళ్ళు బకెట్‌లో పట్టి, క్లోరిన్ పోయే మందుచుక్కలు వేసి, బల్లమీద పెట్టి, సన్నటి ట్యూబుతో బొట్లు బొట్లుగా చిన్న ట్యాంకులోకి వదలాలి. రెండు మూడు గంటలు పడుతుంది. ఒక్కసారిగా మారితే అవి తట్టుకోలేవు.

గురువారం సాయంత్రం మా సంఘం ఆడవాళ్ళు ఇంటికొచ్చి సుధీర్ కోసం ప్రార్థన చేశారు. వాళ్ళు వెళ్ళాక నేను ఉపవాసం మొదలుపెట్టాను. మర్నాడు పొద్దున వంటింట్లో పొయ్యి వెలిగించలేదు, సింకు ముట్టుకోలేదు.

శుక్రవారం తొమ్మిదింటికి పిల్లల్ని మార్చాను. ఒక్కటీ చావలేదు. ఆ పని చేస్తూ నేను చేయకూడనిదొకటి చేశాను. ఇవి బతికితే నా తమ్ముడు బతికినట్టేనని, ఇదే నాకు గుర్తుగా ఇమ్మని దేవుణ్ణి అడిగాను. గుర్తులు అడగడం అవిశ్వాసమని పిల్లలకి నేర్పేది నేనే. తెలిసే అడిగాను.

తర్వాత ఫోటో తీసి మా ఆయనకి పంపాను, థియేటర్‌లోకి తీసుకెళ్ళేముందు సుధీర్‌కి చూపించమని. గ్లాసు కడిగేదాకా కూడా ఆగలేదు, తుడిచి వంటింటి అరలో పెట్టేశాను. సింకు కుళాయికి పైపు తగిలించి బకెట్ నింపి, ట్యూబు వదిలి, తాళం వేసి ఆరాధనకి పరుగెత్తాను.

మోచెయ్యి పెట్టి చూడలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఒమన్‌లో ఎండాకాలం డాబామీది ట్యాంకుల్లో నీళ్ళు కాగిపోతుంటాయి. చల్లనీళ్ళ కుళాయి తిప్పితే చెయ్యి కాలుతుంది. అందుకని మే నెల రాగానే గీజర్ స్విచ్ ఆపేసి, వేడినీళ్ళ కుళాయినే చల్లనీళ్ళకి వాడుకుంటాం. గీజర్ ఇంటిలోపల ఉంటుంది కాబట్టి అందులో నిలవున్న నీళ్ళు చల్లబడతాయి. చేపలకి సుధీర్ పట్టేది ఆ నీళ్ళే. నేను పట్టిందీ ఆ కుళాయినుంచే.

ఆరాధన అయ్యాక పన్నెండింటికి, ముందురోజు మా ఇంటికి ప్రార్థనకొచ్చినవాళ్ళలో ఒకామె, ఎస్తేరు, నా దగ్గరికొచ్చింది. ఆమె ఒమన్ వచ్చి నెలే అయింది.

"అక్కా, నిన్న టీ గిన్నెలు జిడ్డుగా ఉన్నాయని మీ వంటింటి గీజర్ వేశాను. ఆపానో లేదో గుర్తు రావట్లేదు. కరెంటు ఊరికే కాలుతుందేమో, చూసుకోండి."

రోడ్డుమీదికొచ్చి టాక్సీ ఆపాను. రాత్రంతా మరిగిన నీళ్ళు బకెట్ నిండా పట్టి, అరవై ప్రాణాల మీదికి వదిలి వచ్చాను. ఆ సమయంలో నా తమ్ముడు ఆపరేషన్ బల్లమీద ఉన్నాడు. టాక్సీలో నోటికి ప్రార్థన రాలేదు. నేనే వాణ్ణి చంపానన్న మాట ఒక్కటే బుర్రలో తిరుగుతోంది.

తలుపు తాళం వేసినట్టే ఉంది. గదిలోకి వెళ్ళి చూస్తే బకెట్ ఖాళీ. చిన్న ట్యాంకులో వేలు పెట్టాను, నీళ్ళు ఇంకా బాగా వేడిగా ఉన్నాయి. అందులో పిల్లలు లేవు. బతికినవీ లేవు, చచ్చినవీ లేవు.

అక్కడే నేలమీద కూర్చుండిపోయాను. కాసేపటికి తలెత్తితే పెద్ద ట్యాంకు కనిపించింది. పిల్లలు అందులో ఉన్నాయి. తల్లికి సగం, తండ్రికి సగం అంటుకుని తింటున్నాయి.

ట్యాంకు మూత వేసి ఉంది. మూతమీద నాలుగు మడతల తువ్వాలు, దానిమీద నేను అరలో పెట్టిన స్టీలు గ్లాసు, బోర్లించి. మూతమీద గీతలు పడకుండా సుధీర్ ఎప్పుడూ అలాగే పెడతాడు. గ్లాసు తీసి చూశాను. లోపల తడి ఉంది.

పన్నెండున్నరకి మా ఆయన ఫోన్ చేశారు. ఆపరేషన్ బాగా జరిగింది, ప్రాణానికి భయం లేదన్నారు. ఏడ్చాను. చేపల సంగతి అప్పుడు చెప్పలేదు.

మా ఇంటికి మూడు తాళంచెవులు. ఒకటి నా దగ్గర, ఒకటి మా ఆయన దగ్గర. మూడోది సుధీర్ బట్టలతోపాటు ఆసుపత్రివాళ్ళు మా ఆయనకిచ్చిన సంచిలో ఉంది. సూర్ నుంచి మా ఇంటికి రెండు గంటల పైనే ప్రయాణం. కింద వాచ్‌మన్ ఎవరూ రాలేదన్నాడు. జుమ్మా నమాజుకి తను కాసేపు లేనని కూడా అన్నాడు, అదీ రాస్తున్నాను. అసలు నేనే మార్చలేదేమో, ఉపవాసం నీరసంలో భ్రమపడ్డానేమో అనుకుందామంటే, చిన్న ట్యాంకులో పిల్లలున్న ఫోటో ఫోన్‌లో ఉంది. ఇప్పటికీ ఉంది.

తర్వాత అంతా మా ఆయనకి చెప్పాను. థియేటర్ తలుపు దగ్గర సుధీర్‌కి ఫోటో చూపించారట. అందులో ఒక మూలన కనిపిస్తున్న బకెట్ చూసి వాడు అడిగాడట.

"బావా, అక్క బకెట్ నీళ్ళు చూసిందా?"

"చూసే ఉంటుందిలేరా, నువ్వు పడుకో" అన్నారట ఈయన. నాకు ఫోన్ చేద్దామనుకుని, ఆ కంగారులో మర్చిపోయారు.

ఇంకో మాట కూడా చెప్పారు. అంత ఆత్రపడ్డవాడు, స్పృహ వచ్చాక చేపల ఊసే ఎత్తలేదు. ఇంటికొచ్చాక నేనే అడిగాను, వాటి గురించి ఎందుకడగలేదని. "ఏమో అక్కా, బాగానే ఉంటాయనిపించింది" అన్నాడు. ఇంకేం గుర్తులేదన్నాడు. నేనూ తవ్వలేదు.

బయటివాళ్ళలో పాస్టరుగారికి ఒక్కరికే చెప్పాను. దేవదూత చేసుంటాడమ్మా అన్నారు. ఒప్పుకుందామనే చూశాను. కానీ మూతమీద గీతలు పడకుండా తువ్వాలు మడతపెట్టే దూతని నేను ఊహించుకోలేకపోతున్నాను. సుధీర్ అనుకుందామంటే, మత్తులో ఉన్న మనిషికి నేను చెప్పే పాఠంలో చోటు లేదు.

సంఘంలో సాక్ష్యం చెప్పమన్నప్పుడు లేచి, తమ్ముడి ప్రాణం కాపాడినందుకు స్తోత్రం చెప్పి కూర్చున్నాను. మూడో చోటు లేదన్న పాఠం ఆ తర్వాత మళ్ళీ చెప్పలేదు. గుర్తు అడిగాను. వచ్చింది. ఎవరు పంపారని అడగడానికి మోకరించిన ప్రతిసారీ, నోరు తెరవకుండానే లేచి వచ్చేస్తున్నాను.