అన్న ఊద్‌కు సన్నతీగె

ఉదయం ఆరూ పదికి మా వీధి కుళాయికి నీళ్లొచ్చాయి. పక్కింటి నుంచి వచ్చిన వదిన నిండిన బిందె దించి, అన్న ఊద్‌ను దుప్పటిలో చుట్టి నా చేతికిచ్చింది. అన్న కువైట్‌లో లారీ నడిపేటప్పుడు కొని తెచ్చుకున్న అరబ్బు వాయిద్యం అది. తీగెలు జతలుగా ఉంటాయి. అన్న పోయాక కొన్ని తెగిపోయాయి.

“ఎల్లుండి ఏడాది ఫాతెహా. మీ అన్న మీటినట్టే ఒక్కసారి మోగాల అబ్బీ,” అంది.

ఏడింటికి ప్రొద్దుటూరులో జమ్మలమడుగు బస్సెక్కాను. పక్క సీటు రైతు మూట చూసి, “ఏందప్పా, గుమ్మడికాయా?” అన్నాడు. వాయిద్యమన్నాను. “అయితే గట్టిగా పట్టుకో. ఈ రోడ్డుకు అదే వాయించుకుంటాది.”

జమ్మలమడుగులో ఉగ్గాని తిని, వాయిద్యాలు బాగుచేసే అంగడి తెరిచేదాకా కూర్చున్నాను. అన్న ఊద్‌ను బాగుచేసే హుసేనప్ప ఇప్పుడు పులివెందులలో కూతురి దగ్గర ఉన్నాడట. అంగడి మేనల్లుడు చూసుకుంటున్నాడు. తెగిన తీగెలన్నీ వేసి, చివరి జత దగ్గర ఆగాడు.

“ఒకటి లావు, ఒకటి సన్నం కట్టినాడే మా మామ. అడిగి చేద్దామా?”

జతలో రెండు తీగెలూ ఒకే శృతిలో ఉండాలని నేను చదివాను. “అడిగేదేముంది, రెండూ లావువే వెయ్యి,” అన్నాను. సన్నతీగె తెంపి పారేశాడు. ఫోన్లో వదినకు వినిపించాను.

“ఇది మీ అన్నది కాదు,” అంది.

పదిన్నరకు పులివెందుల బస్సెక్కాను. ముద్దనూరు మీదుగా రెండు గంటలు పట్టింది. హుసేనప్ప ఆ జత ఒక్కసారి మీటి తలెత్తాడు.

“సన్నది యాడ?”

“నేనే తీయించాను. పుస్తకాల్లో...”

“పుస్తకాలు రాసినోళ్లకు చెవులు బాగుంటాయి. మీ అన్నకు లేవు కదప్పా. లావుతీగె మోత చెవికి ఆనేది కాదు. అందుకే పక్కన సన్నది, ఒక స్థాయి పైన మోగేట్టు కట్టినా. దాన్ని పట్టుకొని వాయించేవాడు. చెవుడని తెలిస్తే నడపను లారీ ఎవురిస్తారని దాచినాడు. నీకూ చెప్పల్యా?”

చెప్పలేదు. ఒక పెళ్లిలో వెనక నుంచి మూడుసార్లు పిలిచాను. అన్న తిరగలేదు. కువైట్ సంపాదన పొగరనుకున్నాను. అతను పోయేదాకా, రెండేళ్లు, మాట్లాడలేదు.

హుసేనప్ప డబ్బాలోంచి మైలవరం డ్యాములో చేపలు పట్టే నైలాన్ దారం తీసి కట్టాడు. బిగిస్తూ, మీటుతూ, లావుతీగెకు సరిగ్గా ఒక స్థాయి పైకి తెచ్చాడు. మళ్లీ ఫోన్ చేశాను. వదిన ఇంకోసారి మీటమంది.

“ఆ. ఇదే.”

“అన్నకు చెవులు వినపడవని నీకు తెలుసా?”

“తెల్సు. నువ్వు మాట్లాడ్తాంటే కదా చెప్పేది.”

మూడూ ఇరవైకి తిరుగు బస్సు. ఊద్ ఒళ్లో పెట్టుకున్నాను. కుదుపు వచ్చినప్పుడల్లా దుప్పటిలో ఆ జత మోగింది. ఇలాంటి పనిమీద వెళ్లేవాళ్లు జమ్మలమడుగులో ఆగనక్కర్లేదు. నేరుగా పులివెందుల వెళ్లండి. అడగకుండా ఏ తీగెనూ తీయించకండి.

కుళాయికి నీళ్లొచ్చే వేళకు, గోడ అవతల అన్న ఊద్ శృతి చేసుకునేవాడు. ఇప్పుడు ఎవరూ చేయరు.