గసగసాల పొట్లం

అక్తరున్నీసాకు భయం కొత్త కాదు. చిత్తూరులో ఆమెను ఎరిగినవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. ఇల్లు తాళం వేశాక మళ్ళీ తీసి, గ్యాస్ ఆపిందో లేదో చూసుకుంటుంది. రోడ్డు దాటాలంటే ఎవరో ఒకరు వచ్చేదాకా ఆగి, వాళ్ళ వెనకాలే దాటుతుంది. వేళ కాని వేళ ఫోన్ మోగితే ముందు కూర్చుంటుంది, తర్వాత తీస్తుంది. భర్త నిస్సార్ రేకు పెట్టెలు చేస్తాడు. ఇంటి ముందు కొట్టులో ఆయన సుత్తి చప్పుడు వినిపిస్తున్నంతసేపూ ఆమెకు ధైర్యం. చప్పుడు ఆగితే చేతిలో పని వదిలి వచ్చి చూస్తుంది.

"బతికే ఉండాన్లే, పో" అంటాడాయన తల ఎత్తకుండా.

భయం లేని చోటు వంటిల్లు ఒక్కటే. ఆమె తండ్రి ఇమాంసాహెబ్ పెళ్ళిళ్ళకు వండేవాడు. కుర్మా మసాలా ఆయన దగ్గరే నేర్చుకుంది. ధనియాలు, ఎండుకొబ్బరి, లవంగాలు, చివరన గసగసాలు. గసగసాలను సన్నని సెగ మీద వేయించాలి. రంగు మారకూడదు, వాసన మారాలి. అవి లేని కుర్మాను ఇమాంసాహెబ్ నీళ్ళకూర అనేవాడు. ఆమె కూడా అలాగే అంటుంది.

వాళ్ళ ఒక్కగానొక్క కూతురు హుమేరా తిరుపతిలో ఒక కాలేజీలో ఇంగ్లీషు చెబుతుంది. ఆమె చెప్పేవి ఎక్కువగా నాటకాలు. పిల్లలకు పుస్తకంలో చూపించే నాటకాన్ని తాను ఒక్కసారైనా రంగం మీద చూడాలని ఆమె కోరిక. వేసవి సెలవుల్లో లండన్ పోదామంది. అమ్మీ, అబ్బా కూడా రావాలంది. నిస్సార్ వెంటనే ఒప్పుకున్నాడు. అక్తరున్నీసా విమానం కూలితే ఏమిటని అడిగింది. ముగ్గురం కలిసే పోతాం గదా అన్నాడు నిస్సార్. ఆ మాటతో ఆమెకు నిజంగానే ధైర్యం వచ్చింది.

బయలుదేరే ముందు హుమేరా ఒకటే చెప్పింది. తినే సామాను ఏదీ పెట్టొద్దు, ఒక్కో దేశానికి ఒక్కో చట్టం ఉంటుంది. అక్తరున్నీసా సరేనంది. తర్వాత మసాలా డబ్బా ఒకటి, విడిగా గసగసాల పొట్లం ఒకటి చీరల మధ్య పెట్టుకుంది. చట్టం అంటే ఆమె మనసులో కత్తి, తుపాకి. గసగసాలకు చట్టం ఉంటుందని ఆమెకు ఎలా తోస్తుంది?

పోయేటప్పుడు గల్ఫ్‌లో ఒక నగరంలో విమానం మారారు. పెట్టెలు వాటంతట అవే లండన్ చేరాయి.

లండన్‌లో వంటిల్లు ఉన్న చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నారు. మొదటి రోజు బయట తిన్నారు. వేయించిన చేప, పక్కన వేయించిన ఆలుగడ్డలు వచ్చాయి. వీళ్ళు మసాలా వేయడం మరిచిపోయినారేమో అడుగు బిడ్డా అన్నాడు నిస్సార్. మర్నాటి నుంచి అక్తరున్నీసా వండింది. హలాల్ కొట్టు హుమేరా వెతికింది. కుర్మా వాసన మెట్ల మీదికి పోయి, పై ఇంటి ముసలాయన ఒకరోజు తలుపు తట్టాడు. అక్తరున్నీసా భయపడి లోపలికి పోయింది. ఆయన అడిగింది ఒక గిన్నెడు కూర.

నాటకానికి ముగ్గురూ పోయారు. హుమేరా కుర్చీ అంచున కూర్చుని చూసింది. నిస్సార్ నిద్రపోయాడు. అక్తరున్నీసాకు మాట అర్థం కాలేదు, మనుషులు అర్థమయ్యారు. ఒక ముసలావిడ కొడుకు కోసం అధికారి ముందు నిలబడి ఏదో అడుగుతోంది. అధికారి తల అడ్డంగా ఊపుతున్నాడు. ఇదేదో మన మండలాఫీసు మాదిరే ఉండాదే అని అక్తరున్నీసా కూతురి చెవిలో అంది. హుమేరా నవ్వింది. బయటికి వచ్చి నదీ తీరాన నడుస్తూ, ఆ రోజు మళ్ళీ రాదని అంది.

తిరుగు ప్రయాణం నాటికి డబ్బాలో మసాలా అయిపోయింది. గసగసాల పొట్లం విప్పనైనా లేదు. వాళ్ళ ఇంట్లో తిండి పారేసే అలవాటు లేదు. తిండిని వాళ్ళు రిజ్క్ అంటారు, దేవుడు పేరు రాసి పంపింది అని అర్థం. అన్నం మెతుకు కింద పడితే తీసి, ఊది, గోడ మీద కాకికి పెడతారు. పొట్లాన్ని ఆమె మళ్ళీ చీరల మధ్యే పెట్టింది.

విమానాశ్రయంలో ఆమె పెట్టె బరువు ఎక్కువైంది. కౌంటరు మనిషి కొంత తీయమని చేయి చూపించాడు. హుమేరా కాస్త దూరంలో సీట్ల గురించి మాట్లాడుతోంది. నిస్సార్ ఎవరిదో ప్లాస్టిక్ పెట్టెను వేలితో తట్టి, ఇదేం పెట్టె అని గొణుగుతున్నాడు. అక్తరున్నీసా ఒక శాలువా, ఆ పొట్లం తీసి హుమేరా నీలం పెట్టెలో సర్దింది. బరువు సరిపోయింది. పెట్టెలు బెల్టు మీద లోపలికి పోయాయి. అంతా అయ్యాక హుమేరా వచ్చింది.

విమానంలో సీట్లు ఒకచోట దొరకలేదు. తండ్రీకూతుళ్ళు వెనక కూర్చున్నారు. అక్తరున్నీసా పక్క సీటులో ఒకావిడ చీర కొంగు తల చుట్టూ బిగించుకుని కూర్చుంది. కాసేపయ్యాక ఆవిడే, యాడిదాకా అక్కా అని అడిగింది. ఆ మాట వినగానే అక్తరున్నీసా ప్రాణం కుదుటపడింది. ఆవిడ పేరు చంద్రకాంతమ్మ. ఊరు చిత్తూరు దగ్గరి ఐరాల. పదేళ్ళకు పైగా గల్ఫ్‌లో ఒక షేకు ఇంట్లో పని. వేసవికి వాళ్ళు లండన్ పోతే పిల్లలను చూసుకోవడానికి ఈమెను తీసుకుపోతారు. వాళ్ళు ముందు సీట్లలో పడుకుని పోతారనీ, పిల్లోడు ఏడిస్తే మాత్రం తన దగ్గరికి తెచ్చి పడేస్తారనీ చెప్పింది.

భోజనం వచ్చింది. రేకు మూత తీసి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇది కూర అంట" అంది చంద్రకాంతమ్మ. "కోడి సచ్చిందానికి ఫలితం లేకుండా పోయింది సూడు."

అక్తరున్నీసా నవ్వింది. కుర్మా అంటే ఎట్లుండాలో చెప్పింది. ధనియాలు, కొబ్బరి చెప్పింది. గసగసాలు అనగానే చంద్రకాంతమ్మ చేతిలో చెంచా ఆగింది.

"ఆ పేరు ఈడ ఎత్తొద్దక్కా."

"ఏం?"

"ఇప్పుడు మనం దిగేది మేముండే దేశంలోనే, ఆడ అది మత్తుమందు కింద లెక్క. మా పక్కింట్లో వంటాయన ఊరి నుంచి రవ్వంత తెచ్చుకున్న్యాడు. లోపలేసినారు. వాళ్ళమ్మ సచ్చిపోయినా పంపలేదు."

అక్తరున్నీసా పళ్ళెం మీద మూత పెట్టేసింది. కొంతసేపటికి, పెట్టెలో ఉంటే ఏమవుతుందని అడిగింది. చంద్రకాంతమ్మ ఆమె మొహం చూసి గొంతు తగ్గించింది.

"నీ పెట్టెలోనా?"

"నా బిడ్డ పెట్టెలో."

"బిడ్డకు తెలుసా?"

తెలియదని తల ఊపింది. చంద్రకాంతమ్మ ఆమె చేయి పట్టుకుంది. పెట్టె నేరుగా మద్రాసు పోతుంది, నడమ ఎవురూ తెరవరు, నువ్వు గమ్మునుండు అంది. అక్తరున్నీసా ఆ మాటనే పట్టుకుంది. నేరుగా పోతుంది. ఎవరూ తెరవరు. తనకు వచ్చిన ఖురాన్ సూరాలన్నీ లోపలే చదివింది. మధ్యలో ఆ మాటా కలిసిపోయింది. లేచి వెనక్కి పోయి కూతురిని చూసింది. హుమేరా కిటికీకి తల ఆనించి, నాటకం పుస్తకం ఒళ్ళో పెట్టుకుని నిద్రపోతోంది. లేపలేదు.

దిగేటప్పటికి సాయంత్రం. కిటికీ బయట ఆకాశం లేదు, ఎర్రటి దుమ్ము ఉంది. చంద్రకాంతమ్మ ముందు సీట్లవాళ్ళ పిల్లవాణ్ణి ఎత్తుకుని వెళ్ళిపోయింది. పోతూ వెనక్కి తిరిగి చూసింది.

మద్రాసు విమానం ఎగరదని చెప్పారు. దుమ్ము తగ్గేదాకా ఏదీ ఎగరదు. అందరినీ హోటలుకు పంపుతారు. పెట్టెలు ఇక్కడే తీసుకోవాలి. హుమేరా ఆ మాట విని వచ్చి, మంచి హోటలే ఇస్తారంట అబ్బా అని చెప్పింది. నిస్సార్, ఊరికే ఇంకో దేశం చూసినట్టయిందన్నాడు.

అక్తరున్నీసాకు ఎప్పుడూ వచ్చే భయం ఇలా ఉండదు. అది వచ్చి, చుట్టూ తిరిగి, పోతుంది. ఇది కదలలేదు.

బెల్టు తిరుగుతోంది. అవతల పెట్టెలన్నీ ఒక యంత్రంలోకి పోతున్నాయి. యంత్రం పక్కన అధికారులు నిలబడి ఉన్నారు. ఒక్కో పెట్టెను పక్కకు లాగి తెరుస్తున్నారు. నీలం పెట్టె వచ్చింది. దాని మీద హుమేరా పేరు అతికించి ఉంది. హుమేరా ముందుకు వంగి దాని పిడి పట్టుకుంది.

"హుమేరా. ఆ పెట్టెలో గసగసాలుండాయి."

హుమేరా పెట్టెను దించింది. "ఎవురు పెట్టినారు?"

"నేనే. నువ్వు ఆ పక్క మాట్లాడతా ఉన్న్యప్పుడు."

హుమేరా యంత్రం వైపు చూసింది. ఆమెకు సంగతి తెలుసునని ఆ చూపుతోనే అర్థమైంది. నిస్సార్‌కు అర్థం కాలేదు. చెప్పాక, తీసి ఆ మూల పారేస్తే పోలా అన్నాడు. పైన కెమెరాలుండాయి అంది హుమేరా. పెట్టెను ఇక్కడే వదిలేసి పోదామన్నాడు. దాని మీద నా పేరుంది అబ్బా అంది. ఆమె గొంతు పాఠం చెప్పేటప్పటిలాగే ఉంది. చేయి మాత్రం పెట్టె పిడిని వదలడం లేదు.

"మనమే పోయి చెప్తాం" అంది అక్తరున్నీసా. "పెట్టింది మా అమ్మ అని చెప్పు. ఆమెకు తెలియదని చెప్పు. నీ మాటే రానీయొద్దు. ఏం జేసినా నన్ను జేయనీ."

"సరే అమ్మీ."

యంత్రం దాకా పోకుండా పక్కనున్న బల్ల దగ్గరికి పోయారు. నల్ల దుస్తుల అధికారిణి ఒకామె కూర్చుని ఉంది. హుమేరా ఇంగ్లీషులో చాలాసేపు చెప్పింది. అక్తరున్నీసా ఒక్కో మాటకూ గుండె మీద చేయి పెట్టుకుని, నేను నేను అన్నట్టు చూపించింది. అధికారిణి ఆమె వైపు ఒకసారి చూసి, కుర్చీ చూపించింది. తర్వాత లేచి, హుమేరాను, నీలం పెట్టెను లోపలి గదిలోకి తీసుకుపోయింది. తలుపు మూసుకుంది.

అప్పుడు అక్తరున్నీసాకు అర్థమైంది. హుమేరా చెప్పిన మాట వేరు.

నిస్సార్ ఏదో అనబోయి ఆగాడు. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి నోరు తెరిచి ఉండిపోయాడు. ఆయన అలా ఉండడం చూసి ఆమెకు భయం రెట్టింపయింది. గోడ మీద అరబ్బీలో ఏదో రాసి ఉంది. ఆ అక్షరాలన్నీ ఆమె చదవగలదు. చిన్నప్పటి నుంచి ఖురాన్ చదివింది. కానీ తప్పు నాది, బిడ్డను వదలండి అని చెప్పడానికి ఆ భాషలో ఒక్క మాటైనా ఆమెకు రాదు.

మగ్రిబ్, పొద్దుగుంకే నమాజు వేళయింది. ఎక్కడో మసీదు నుంచి బాంగు పిలుపు వినిపించింది. తలుపు తెరుచుకోలేదు. తిండి పెట్టక, ఫోన్ ఇవ్వక, పరాయి ఊరిలో తన బిడ్డ ఏ గదిలోనో ఉండిపోవడం ఆమె కళ్ళకు కట్టింది. చంద్రకాంతమ్మ చెప్పిన వంటవాడి తల్లి గుర్తుకు వచ్చింది.

లేచింది. తలుపు దగ్గర నిలబడిన కాపలావాడు చేయి అడ్డం పెట్టాడు. ఆమె అతని చేతి కింద నుంచి వంగి తలుపు నెట్టింది.

లోపల బల్ల మీద పొట్లం ఉంది. హుమేరా దాని ముందు కూర్చుని ఉంది. ఇంకో పెద్ద అధికారి నిలబడి ఉన్నాడు. అక్తరున్నీసా ఎవరినీ చూడలేదు. పొట్లాన్ని తీసుకుని రెండు చేతులతో గుండెకు అదుముకుంది. నోటికి వచ్చిన తెలుగులో, ఉర్దూలో చెప్పింది. నాది. నేను పెట్టినాను. ఈ బిడ్డ ఏమీ ఎరగదు. కాపలావాడు భుజం పట్టి లాగినా వదలలేదు.

పెద్ద అధికారి చేయి ఎత్తాడు. కాపలావాడు వదిలాడు. ఆయన ఆమెను ఉర్దూలో అడిగాడు. "ఎందుకు తెచ్చావమ్మా?"

ఉర్దూ విని ఆమె ఏడ్చింది. కుర్మాకు అంది. తండ్రి నేర్పిన మసాలా అని చెప్పింది. పారేయడానికి చేతులు రాలేదని చెప్పింది. ఆయన ఫోన్‌లో ఎవరితోనో అరబ్బీలో మాట్లాడాడు. మళ్ళీ కూర్చోబెట్టారు. మళ్ళీ అడిగారు, మొదటి నుంచి. చివరికి పొట్లాన్ని సంచిలో వేసి ముద్ర వేశారు. మీరే వచ్చి చెప్పారు కాబట్టి వదిలేస్తున్నామని, ఇంకోసారి ఇలా కాదని ఆయన హెచ్చరించాడు. చివరి మాట చెప్పేటప్పుడు తల్లిని కాదు, హుమేరాను చూశాడు.

హోటల్లో పళ్ళేల నిండా తిండి పెట్టారు. ముగ్గురూ తినలేదు. అక్తరున్నీసా కూతురిని అడిగింది.

"నా పేరు చెప్పమంటే ఏం చెప్పినావు?"

"నేనే పెట్టుకున్న్యానని చెప్పినా."

"ఎందుకు?"

"నిన్ను లోపలేస్తే నువ్వు ఉండలేవు అమ్మీ. నేనైతే ఉంటాను."

నిస్సార్ లేచి కిటికీ దగ్గరికి పోయాడు. బయట దుమ్ములో దీపాలు మసకగా కనిపిస్తున్నాయి.

మర్నాడు విమానం ఎగిరింది. మద్రాసు నుంచి కారులో చిత్తూరు వచ్చారు. ఇరుగుపొరుగు వచ్చి లండన్ గురించి అడిగారు. నిస్సార్ చేప కథ చెప్పాడు. నాటకం గురించి హుమేరా చెప్పింది. ఆ సాయంత్రం గురించి ముగ్గురిలో ఎవరూ చెప్పలేదు.

కాలేజీ తెరిచే ముందు రోజు హుమేరా తిరుపతికి బయలుదేరింది. అక్తరున్నీసా బస్టాండు దాకా వచ్చింది. ఇన్నేళ్ళూ ఆమె భయపడింది బిడ్డకు లోకం ఏం చేస్తుందోనని. బిడ్డ తనకు తానే ఏం చేసుకోగలదో ఇప్పుడు తెలిసింది. ఆ భయానికి తాళం తీసి చూసుకునే చోటు లేదు.

హుమేరా కిటికీ పక్కన కూర్చుంది. తల్లి కింద నిలబడి కిటికీ కమ్మీ పట్టుకుంది.

"ఇంకెప్పుడూ నా తప్పు నీ మీద ఏసుకోనని చెప్పు."

"బస్సు కదలతా ఉంది అమ్మీ. చెయ్యి తీ."

"చెప్పు ముందు."

"అప్పటికి సూద్దాం" అంది హుమేరా, తల్లి వేళ్ళను ఒక్కొక్కటిగా కమ్మీ మీది నుంచి విడదీస్తూ.