పత్తి ప్యాసేజీలో సున్నా

పత్తి మీద వచ్చిన ప్యాసేజీలో నాకు సున్నా వచ్చింది. ఐదు ప్రశ్నలకి ఐదూ తప్పు. మాది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. నాన్న నాలుగెకరాల్లో పత్తి, రెండెకరాల్లో మిరప వేస్తాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి పత్తి చేలోనే తిరిగాను, పత్తి తీశాను, ఇంట్లో పోసిన కుప్ప మీద పడి నిద్రపోయి అమ్మ చేత చీవాట్లు తిన్నాను. అలాంటి నాకు పత్తిలో సున్నా! అదే పరీక్షలో పెంగ్విన్ల మీద ఇచ్చిన ప్యాసేజీలో ఐదుకి ఐదు వచ్చాయి. పెంగ్విన్ని బొమ్మల్లో తప్ప నేను చూసిన పాపాన పోలేదు.

అది లా ఎంట్రన్స్ కోసం గుంటూరు కోచింగ్ సెంటర్లో పెట్టిన నమూనా పరీక్ష. ఆ ఎంట్రన్స్ సంగతి తెలియనివాళ్ళకి ఒక్క ముక్కలో చెబుతాను. పేపరంతా చదవడమే. పేజీడు ఇంగ్లీషు ఇస్తారు, దాని కింద ప్రశ్నలిస్తారు, నాలుగు ఆప్షన్లలో ఒకటి గుర్తు పెట్టాలి. మళ్ళీ పేజీడు, మళ్ళీ ప్రశ్నలు. నాకు ఇంగ్లీషు బాగానే వచ్చు, అయినా మొదటి ఏడాది సీటు రాలేదు. "సరే, ఇంకొక్క ఏడాది" అన్నాడు నాన్న. ఈసారీ రాకపోతే నోరు మూసుకుని ఊరి పక్క కాలేజీలో డిగ్రీలో చేరతానని నేనే మాటిచ్చాను. నోరు మూసుకోవడం నాకెంత కష్టమో మా ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. అసలు ఈ నోరు చూసే కదా, "దీన్ని లాయర్ని చెయ్యండయ్యా" అని చిన్నప్పటి నుంచి అందరూ అన్నది! మొదట వాళ్ళ మాటే అనుకున్నాను గానీ తర్వాత్తర్వాత నల్లకోటు వేసుకున్నట్టు కలలు కూడా రావడం మొదలైంది.

మా ఇంగ్లీషు సారు నెమ్మదస్థుడు. ఆ సున్నా పేపరు పట్టుకుని నన్ను పక్కకి పిలిచారు.

"మూడో ప్రశ్న చూడమ్మా. కొత్త విత్తనం వచ్చాక ఏం జరిగిందంటున్నాడు రచయిత?"

"పురుగుమందు కొట్టడం తగ్గిందంటున్నాడండీ."

"మరి నువ్వేం పెట్టావు?"

"తగ్గలేదని పెట్టానండీ."

"ఎందుకు?"

"ఎందుకేంటండీ, తగ్గలేదు కాబట్టి! కాయ తొలిచే గులాబీ పురుగు వచ్చాక ఎన్నిసార్లు కొడుతున్నామో ఆయనకేం తెలుసు? మా చేలోకి రమ్మనండి, చూపిస్తాను."

సారు నవ్వుతారేమో అనుకున్నాను. ఆయన నవ్వకుండా నా పాత పేపర్లన్నీ ముందేసుకున్నారు. పెంగ్విన్లు, పాత ఓడలు, ఏదో దేశంలో రంగులద్దే పని, వీటిలో అన్నీ రైటే. పల్లెటూరి బస్సులు, ఆడపిల్లల చదువు, మార్కెట్ యార్డులు, వీటిలో వరసగా తప్పులు. నాకు తెలిసిన విషయం వచ్చిన ప్రతిచోటా మార్కులు పోయాయి.

"రచయిత ఏమన్నాడని అడుగుతుంటే, ఆయనన్నది ఎంత తప్పో చెబుతున్నావమ్మా" అన్నారు సారు. "నువ్వు చదవట్లేదు, పోట్లాడుతున్నావు."

ఒళ్ళు మండిపోయింది. బస్సులో సత్తెనపల్లి దాకా మనసులో సారుతో పోట్లాడుతూనే ఉన్నాను. ఇంటికొచ్చేసరికి అమ్మా నాన్నా వసారాలో కూర్చుని పత్తిలో ఆకు ఏరుతున్నారు. నేను బ్యాగు విసిరేసి సంగతి మొదలుపెట్టాను. సగం కూడా కాలేదు, నాన్న అందుకున్నాడు.

"ఎవడే ఆ రాసినోడు? ఏసీలో కూర్చుని రాశాడు ఎదవ. ఈ ఏడు ఎన్నిసార్లు కొట్టాం మనం?"

"అదే కదా నాన్నా నేనంది!"

"మీ సారు కూడా వాడి పార్టీయేనా?"

మా ఇద్దరికీ మహా ఉత్సాహం వచ్చింది. ఆ రచయితని విత్తనం దగ్గర్నుంచి మందు డబ్బాల దాకా చేలన్నీ తిప్పి తిప్పి తిట్టాం. మధ్యలో అసలు వాడేం రాశాడో తెలుగులో చదివి వినిపిద్దామనుకున్నాను గానీ, నాన్న రెండో వాక్యం దాటనిస్తేనా! మా ఇంట్లో ఎవరి మాటా చివరి దాకా వెళ్ళి ఎరగదు. నాన్న నా మాటకి అడ్డం వస్తాడు, నేను నాన్న మాటకి అడ్డం వస్తాను. దాన్నే మేము కబుర్లు చెప్పుకోవడం అనుకుంటాం.

నాన్న గేదెకి నీళ్ళు పెట్టడానికి లేచాక అమ్మ, "ఏదీ, ఇప్పుడు చదువు" అంది. తెలుగులో చెబుతూ మొత్తం చదివాను. ప్రశ్నలు, ఆప్షన్లు కూడా చెప్పాను, ఊరికే సరదాకి. అమ్మ పత్తిలోంచి తలెత్తకుండా ఒక్కొక్కటే చెప్పింది. ఐదుకి ఐదు రైటు. నేను లేచి నిలబడ్డాను.

"నీకెట్టా తెలిసిందమ్మా?"

"తెలిసేదేముందే? వాడు చెప్పింది విన్నా. నువ్వడిగింది వాడి మాటేగా, నా మాట కాదుగా."

"మరి మందు కొట్టడం తగ్గిందని నువ్వు నమ్ముతున్నావా?"

"ఎందుకు నమ్ముతా? మందులోకి నీళ్ళు మోసి పోసేది నేనేగా. ఆ సంగతి ప్రశ్నలో లేదు." తర్వాత నవ్వుతూ అంది: "మీ నాన్నతో ఇరవై ఏళ్ళ కాపురం. నా మాట అడిగిందెవరు? వినడం బాగా వచ్చేసింది."

అమ్మ తేలిగ్గానే అంది. నాకు మాత్రం చురుక్కుమంది. నేనూ ఆ అడగని వాళ్ళలోనే ఉన్నాను మరి. కానీ నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో సిగ్గు కన్నా సంతోషమే ఎక్కువైంది. పదో తరగతితో చదువాపేసిన మా అమ్మ దగ్గర నాకు కావలసిన విద్య ఉంది! గుంటూరు దాకా పోయి వెతుక్కుంటున్నాను, అది మా వసారాలోనే కూర్చుని ఆకు ఏరుతోంది.

మర్నాడు అమ్మ షరతు పెట్టింది. రోజూ పొద్దుగూకేలోపు నేనొక ప్యాసేజీ తెలుగులో చదవాలి. అయ్యేదాకా ఎవరూ నోరెత్తకూడదు. అయ్యాక ముందు వాడి మాట చెప్పాలి. అమ్మ "సరే, వాడన్నది ఇదే" అనేదాకా మన మాట చెప్పడానికి వీల్లేదు. మధ్యలో అడ్డమొచ్చినవాళ్ళు మర్నాడు పొద్దున అందరికీ టీ పెట్టాలి.

వరసగా తొమ్మిది రోజులు నాన్నే టీ పెట్టాడు. అబ్బ, అదేం టీ! పంచదార పాకం. పదో రోజు ప్యాసేజీ పొగాకు మీద వచ్చింది. పొగాకు రైతులు వేరే పంటకి మారాలి, మొండికేస్తున్నారు అని రాశాడు ఎవరో. నాన్న కండువా చివర నోటికడ్డం పెట్టుకున్నాడు. మెడ మీద నరాలు లేచాయి. చదవడం అయ్యాక గొంతు సవరించుకుని, ఆ రచయిత ఏమన్నాడో, ఎందుకన్నాడో పొల్లుపోకుండా చెప్పాడు. అమ్మ తలూపింది.

"ఇప్పుడు నా మాట చెప్పొచ్చా?" అన్నాడు నాన్న.

"ఆ, ఇప్పుడు చెప్పుకో."

ఇక చూడాలి! పక్క వీధి వాళ్ళు తొంగి చూశారు.

నాకూ అదే మందు పనిచేసింది. పేపరు మీద కుడిపక్క ఖాళీగా ఉన్న చోటు నా కోసం ఉంచుకునేదాన్ని. చదువుతుంటే కోపం వచ్చినచోట అక్కడ ఒక్క ముక్క రాసేసేదాన్ని: "అబద్ధం", "నీ మొహం", "మా నాన్ననడుగు". కోపం అక్కడ పెట్టేస్తే బుర్ర ఖాళీ అయ్యేది. అప్పుడు ప్రశ్నల దగ్గరికి వెళ్ళి వాడి మాటే గుర్తు పెట్టేదాన్ని. మార్కులు పెరగడం మొదలైంది. మిరప మార్కెట్ మీద ఇచ్చిన ప్యాసేజీలో ఐదుకి ఐదు వచ్చిన రోజు కోచింగ్ సెంటర్ మెట్లు మూడేసి చొప్పున దూకాను. బస్సులో పక్కసీటు పెద్దావిడకి ఆ పేపరు తెరిచి చూపించాను. ఆవిడకి ఏమీ అర్థం కాకపోయినా "శుభం తల్లీ" అంది.

అసలు పరీక్ష రోజున మొదటి మూడూ హాయిగా అయిపోయాయి. నాలుగోది బోర్ల మీద. ఉచిత కరెంటు వల్లే రైతులు భూగర్భజలం తోడేశారట! మా బోరు ఎండిపోయిన ఏడు నాన్న ముఖం ఎలా ఉండేదో నాకు తెలుసు. సీటు గుర్తొచ్చింది, ఇచ్చిన మాట గుర్తొచ్చింది. కుడిపక్క "నీ మొహం" అని గట్టిగా రాసి, అమ్మ వింటున్నట్టు చివరిదాకా చదివాను. చివరి పేరాలో ఆ రచయితే అంటున్నాడు: తప్పు చిన్న రైతుది కాదు, వాడికి వేరే దారి చూపించనివాళ్ళది అని. నేను అనబోయిన మాట! మధ్యలో పోట్లాటకి దిగి ఉంటే ఆ పేరాని కోపం కళ్ళతోనే చదివేసేదాన్ని. ఐదు ప్రశ్నల్లో మూడు దాని మీదే. "నీ మొహం" కొట్టేసి, "క్షమించు" అని రాశాను.

ఫలితాలు వచ్చిన పొద్దున వాళ్ళిద్దరూ మిరప చేలో ఉన్నారు. ఫోను పట్టుకుని గట్టు మీద పరిగెత్తాను. ఒక చెప్పు ఎక్కడో ఊడిపోయింది. నాన్న నీళ్ళు మళ్ళించడానికి మడవ కడుతున్నాడు, అమ్మ కలుపు తీస్తోంది. రొప్పుతూ మొదలుపెట్టాను. సీటు వచ్చేసినట్టే, కానీ వేరే రాష్ట్రం, ఐదేళ్ళు, హాస్టల్లో ఉండాలి, సెలవులకి తప్ప రావడం కుదరదు. నా మాటలకి ముందూ వెనకా లేదు. నాన్న పార వదిలేసి అలాగే నిలబడ్డాడు. ఒక్కసారి కూడా అడ్డం రాలేదు.

నేను ఆగాక, "సీటు వచ్చినట్టే. వేరే రాష్ట్రం. ఐదేళ్ళు. హాస్టల్. సెలవులకే వస్తావు. ఇదేగా నువ్వన్నది?" అన్నాడు.

"ఇదే నాన్నా."

"ఇప్పుడు నా మాట చెప్పొచ్చా?"

"చెప్పు."

నోరు తెరిచి, మూసేశాడు. కండువాతో ముఖం తుడుచుకుని అమ్మ వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పవే. నీ మాటేంది?"

అమ్మ చేతిలో కలుపు పట్టుకుని అలాగే చూసింది. "నన్నా అడిగేది?"

"నిన్నే."

మేమిద్దరం ఆగాం. అమ్మ తొందరపడలేదు. వేళ్ళకంటిన మట్టి దులుపుకుంది.

"సీటు వస్తుందని నాకు ఎప్పుడో తెలుసు" అంది. "మీరు అడగలా."