కోరుట్ల బయటి హోటల్లో మా బావ

నా అక్షరాలు వంకరగా ఉంటాయి, తప్పులు కూడా దొర్లుతాయి. మన్నించి చదవండి. మా ఊరి బడిలో వచ్చిన చదువే నాది. తాటిచెట్టు ఎక్కడం వచ్చినంత బాగా రాయడం రాలేదు. మా బావ, అంటే మా అక్క పెనిమిటి, పోయిన వారం చనిపోయాడు. కోరుట్ల బయట, వేములవాడ తొవ్వలో మూతబడిన హోటల్ ఒకటి ఉంది. అందులోనే పోయాడు. పొద్దున చాయ్ పట్టుకుని పోతే వరండాలో కుర్చీలో కూర్చునే ఉన్నాడు. పిలిస్తే పలకలేదు.

ఇప్పుడు చూస్తే నమ్మరు గాని, ఒకప్పుడు ఆ హోటల్ చూడటానికే జగిత్యాల నుంచి జనం వచ్చేవారు. మస్కట్‌లో సంపాదించిన సేటు అక్కడి సముద్రపు ఒడ్డు హోటల్ లాగానే ఇక్కడా కట్టించాడు. నీలం పలకలు పరిచిన ఈతకొలను, గడ్డి కప్పిన గదులు, లారీల్లో తెచ్చిన, తాటిచెట్లలాంటి పరదేశపు చెట్లు. బావ కూడా మస్కట్‌లో హోటల్ గదులు సర్దినవాడే. సేటు పిలిచి పని ఇచ్చాడు. నేను చెట్ల మట్టలు కొట్టడానికి పోయేవాడిని.

"గీటికి కల్లు పారదు, కాయ కాయదు. ఎందుకు పెట్టిండ్రు బావా?" అని అడిగాను ఒకసారి.

"సూసెటందుకు బామ్మర్ది. నీ మొకం సూసెటందుకు ఎవలన్న అస్తరా మరి?"

నేను కత్తి పట్టుకుని ఇంకో చెట్టెక్కాను.

తెలంగాణ ఉద్యమం ముదిరాక రోజు విడిచి రోజు బందులయ్యాయి. పెళ్లిళ్లు, దావతులు ఆగిపోయాయి. లొల్లి తగ్గినాక తెరుద్దామని చెప్పి, సేటు తాళాలు బావకిచ్చి హైదరాబాద్ పోయాడు. ఖాళీ గదుల్లో కూడా బావ తలుపు కొట్టకుండా అడుగు పెట్టేవాడు కాదు. లోపల ఎవరూ లేరు కదా అంటే, "ఉన్నా లేకున్నా కొట్టాలె. రూమ్ మనది కాదు, అండ్ల దిగినోళ్లది" అనేవాడు.

ఒక ఎండాకాలం రాస్తారోకో జరిగింది. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు మొదలుపెట్టారు. సిరిసిల్ల నుంచి వస్తున్న బస్సు సరిగ్గా హోటల్ ముందర ఆగిపోయింది. అందులో నెలల పాపతో ఒక బాలింత ఉంది. పాప ఎండకు వాడిపోయి, ఏడవడం కూడా మానేసింది. బావ అది చూశాడు. సేటును అడగలేదు. గేటు తీసి బస్సునంతా లోపలికి పిలిచాడు.

ఆ మధ్యాహ్నం ప్రతి గదిలో మనుషులున్నారు. తెల్లటి దుప్పట్లు పరిచి పాపను పెద్ద పరుపు మధ్యలో పడుకోబెట్టాడు. రోడ్డు మీది అన్నాన్నే హోటల్ పింగాణీ పళ్లాల్లో పెట్టి తెచ్చాడు. వచ్చినవాళ్లకు ముందు తాగడానికి ఏదన్నా ఇవ్వాలట. అది మస్కట్ పద్ధతి. నన్ను తరిమి కల్లు తెప్పించాడు. పొడుగు గాజు గ్లాసుల్లో పోసి ట్రేలో పెట్టుకుని తిరిగాడు. ఒక ముసలవ్వ గ్లాసు ఎగాదిగా చూసింది.

"ఓ కొడుకా, గిండ్ల తాగితె కల్లు తాగినట్టు ఉంటదా? ఆకు లేదా?"

నేను ఉరికిపోయి మోదుగాకు తెచ్చి, దొన్నెలా మడిచి పట్టాను. బావ గ్లాసులోని కల్లు ఆకులోకి వంచి పోశాడు, మస్కట్‌లో లాగే ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని. అవ్వ తాగుతూ నవ్వింది, అందరూ నవ్వారు.

పొద్దు వాలాక దారి వదిలారు. బాలింత బస్సెక్కుతూ, "కాకా, మా బిడ్డ జర పెద్దగైనంక పట్కస్త. నువ్వు పండవెట్టిన పరుపు సూపిస్త" అంది.

"రా బిడ్డా. నేను ఈడనే ఉంట" అన్నాడు బావ.

సంగతి తెలిసి సేటు ఫోన్లో కోపం చేశాడు. బావ "పసిపిల్ల సేటూ" అన్నాడు, అంతే. ఆ తర్వాత సేటు ఫోన్ చేయలేదు.

తెలంగాణ వచ్చింది. కోరుట్లలో రంగులు చల్లుకున్నారు. హోటల్ మాత్రం తెరవలేదు. పైకప్పు గడ్డి ఊడిపోయింది, ఈతకొలనులో తుంగ మొలిచింది. మా అక్క కూడా పోయింది. "ఇంక ఎందుకుంటవ్ బావా, ఇంటికి రా" అని ఎన్నోసార్లు పిలిచాను.

"ఆ పొల్ల అస్తనన్నది గద. అచ్చి, ఎవలు లేరని ఎనుకకు పోతె ఎట్లుంటది?"

రోడ్డు మీద ఏ బస్సు నెమ్మదించినా లేచి నిలబడేవాడు. ఎవరూ దిగలేదు. నేను పక్కన కూర్చునేవాడిని.

ఆ రోజు బస్సులో ఉన్న తల్లీ, ఇది నీ కంట పడితే ఈ పత్రికకు రాయి, వాళ్లు నాకు చేరుస్తారు. బావ లేడు గాని ఆ గది ఉంది. నీ బిడ్డకు నేను చూపిస్తాను. స్థలం అమ్ముడుపోయింది. గేటు లోపల జేసీబీ నిలబెట్టి పోయారు. డ్రైవర్ ఇంకా రాలేదు. దాని తొట్టిలో నిన్నటి వాన నీళ్లు నిలిచాయి, పిచ్చుకలు వాలి తాగుతున్నాయి. జవాబు తొందరగా రాయి.