సిమెంటు ఒలిచిన బట్టీ

పదహారేళ్లు బేకరీలో పిండి కలిపిన మనిషిని, కొత్త కరెంటు యంత్రం రాగానే "రేపట్నుంచి రానక్కర్లేదు" అని ఒక్క ముక్కలో పంపేశారు. వీధిలో అందరూ ఆమెను బన్నుల వదిన అంటారు. ఏడుస్తుందేమో అని తొంగిచూసినవాళ్లకి మర్నాడు పెరట్లో మట్టి తొక్కుతూ కనిపించింది.

"బ్రెడ్డు బట్టీ కడుతున్నా. ఇక ఎవరి గడపా ఎక్కను," అంది.

మట్టి, ఇసుక, తరిగిన గడ్డి. కలిపిన మట్టిని ఉండచేసి నడుమెత్తు నుంచి పడేసేది. చితికితే తడెక్కువ, పగిలితే ఇసుకెక్కువ. పరిచిన ఇటుకల మీద తడి ఇసుకను గుమ్మటంలా పేర్చి, పాత పేపర్లు కప్పి, పైన జానెడు మందాన మట్టి మెత్తింది. బిగిశాక నోరు కోసి, లోపలి ఇసుకంతా దోసిళ్లతో లాగేసింది. గుమ్మటం నిలిచింది. ఆ పూట ఆమె ఆకలి చూసి మొగుడు హడలిపోయాడు.

ఆమె అన్నయ్య తాపీమేస్త్రి. పెరడు ఇద్దరికీ ఉమ్మడి. చెల్లెలి మట్టిపని ఆయనకు తలవంపులుగా ఉంది. ఆమె కట్టెలకు వెళ్లినప్పుడు వచ్చి, గుమ్మటమంతా సిమెంటు పూసి, అద్దంలా నునుపు చేసిపోయాడు. ప్రేమే, కాదనలేం.

మొదటి మంట పెట్టిన అరగంటకే ఠాప్‌మంది. సిమెంటు నిలువునా చీలింది. చీలికలోంచి ఆవిరి బుసకొట్టింది.

"చూశావా నీ మట్టి సంగతి? వచ్చే ఆదివారం మనుషుల్ని తెచ్చి పడగొట్టిస్తా. చక్కగా స్నానాలగది కడదాం," అన్నాడు అన్నయ్య.

"మట్టిది కాదు తప్పు, నీ పూతది. లోపలి తడి ఎటు పోవాలి?"

"ముప్పై ఏళ్ల మేస్త్రిని. నాకు నేర్పుతావుటే?"

"ముప్పై ఏళ్లలో ఎన్ని బట్టీలు కట్టావన్నయ్యా?"

"ఆదివారం," అని మాత్రం అనేసి వెళ్లాడాయన.

రెండు రోజులు ఉలితో పెచ్చు పెచ్చుగా సిమెంటు ఒలిచింది. కింద మట్టి తడిగా ఉంది గానీ గట్టిగానే ఉంది. తర్వాత నాలుగు రోజులూ పుల్లల మంటే.

"దీనికి టీ కూడా కాగదే," అన్నాడు మొగుడు.

"కాగక్కర్లేదు. ఆరితే చాలు."

ఆదివారం పొద్దున్నే అసలు మంట వేసింది. లోపలి కప్పుకి పట్టిన మసి కాలిపోయి తెల్లబడ్డాక నిప్పులు లాగేసి, చిటికెడు పిండి చల్లింది. చిటుక్కున మాడింది. వేడి కాస్త తగ్గేదాకా ఆగింది. మరో చిటికెడు నెమ్మదిగా ఎర్రబడింది. పన్నెండు బ్రెడ్లు లోపలికి తోసి, నోటిని చెక్కతో మూసి, దాని ముందే కూర్చుంది.

అప్పుడే దిగాడు అన్నయ్య, ఇద్దరు కూలీలతో.

"అడ్డు లే."

"లేవను. పడగొడితే నన్నూ, బ్రెడ్డునూ కలిపి పడగొట్టు."

కమ్మటి వాసన తగిలి కూలీలు అడక్కుండానే చతికిలబడ్డారు. ఇంకో పావుగంటకి ఆమె చెక్క తీసింది. ఒక బ్రెడ్డు తిరగేసి అడుగున వేలితో కొట్టింది. డొల్లగా మోగింది, లోపలిదాకా కాలినట్టే. కూలీలకు చెరొకటి ఇచ్చింది, అన్నయ్యకి ఇవ్వలేదు.

ఆయన గుమ్మటం చుట్టూ అరచెయ్యి ఆనించి తడిమాడు. ఎక్కడా వెంట్రుకంత బీటైనా లేదు.

"వానొస్తే?" అన్నాడు చివరికి.

"పైన రేకు వేయిస్తా."

"రేకు నేను వేస్తాలే."

"వెయ్యి. బట్టీ మీద మాత్రం చెయ్యి వెయ్యకు."