ఖాళీ దుప్పటి

ఉప్పల్‌లో రోడ్డు పక్కన ఒకామె దుప్పటి పరిచి పాత సామాన్లు అమ్ముతోంది. ఆ దుప్పటి నుంచి కలరా ఉండల వాసన వచ్చి నా కాళ్లు ఆగిపోయాయి.

నా చిన్నప్పుడు నాచారంలో మా వీధి ఖాళీ ప్లాటులో ఆదివారం అంగడి మొదలుపెట్టింది మా అమ్మే. ఆమె పరిచే దుప్పటికీ ఇదే వాసన. భీమవరం నుంచి కొత్తగా వచ్చాం. అమ్మకు అక్కడ ఎవరూ తెలియదు. ఆమెను చూసి ఇరుగుపొరుగూ పాత సామాన్లతో దుప్పట్లు పరిచారు.

"జర తగ్గించరాదక్కా," అని ఎవరైనా అడిగితే చాలు, అమ్మ అరగంట మాట్లాడేది. మీదే ఊరు, పిల్లలెంతమంది అని అడిగేది. ధర మాత్రం తగ్గించేది కాదు. అమ్మకు బేరం చేతకాదనుకున్నాను.

ఒకరోజు ఆమె ఇంట్లోకి వెళ్లొచ్చేలోగా, అడిగినవాళ్లకు అడిగిన ధరకే అన్నీ ఇచ్చేశాను.

"నీ బిడ్డ మస్తు హుషారున్నదక్కా!" అంది పక్క దుప్పటి ఆవిడ.

అమ్మ నన్ను తిట్టలేదు. సాయంత్రం దాకా ఖాళీ దుప్పటి మీద కూర్చుంది. ఆమె దగ్గర ఎవరూ ఆగలేదు.

ఇప్పుడు నేనూ మాట్లాడే మనిషి లేక ఒంటరిగానే ఉంటున్నాను. అవసరం లేని ఫ్లాస్కు ఒకటి చేతిలోకి తీసుకుని, ధర తగ్గించమని అడిగాను.

"తగ్గదమ్మా," అందామె.

హమ్మయ్య అనిపించింది. "మీదే ఊరు?" అంటూ పక్కన కూర్చున్నాను.